ఊ కొట్టడం ఎక్కడ నేర్పుతారు?

క్లినికల్ పోస్టింగ్‌కి, అంటే వార్డుల్లో పేషెంట్ల దగ్గర నేర్చుకోవడానికి, కొత్తగా వచ్చిన ఎంబీబీఎస్ పిల్లల్ని ఒకసారి గమనించండి. హిస్టరీ, అంటే పేషెంట్ జబ్బు వివరాలు, తీసుకు రమ్మని పంపిస్తే గంట దాటినా బెడ్ దగ్గర నుంచి కదలరు. తిరిగొచ్చాక ప్రెజెంట్ చేయమంటే అంతా కలగాపులగంగా ఉంటుంది, నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పలేరు గానీ ఆ పేషెంట్‌కి ఎన్నెకరాల కౌలు, ఏ పంట పోయింది, చిన్నల్లుడితో ఎందుకు మాటల్లేవు, అన్నీ చెబుతారు. అదే పిల్లలు ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి అయిదు నిమిషాల్లో హిస్టరీ తెచ్చేస్తారు, వరస ఎక్కడా తప్పదు, డయాగ్నసిస్ కూడా చాలాసార్లు కరెక్టే. ఆయన ఏం పని చేస్తాడు అంటే "వ్యవసాయం మేడమ్" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు.

వరస నేర్పొద్దని నేను అనడం లేదు. చీఫ్ కంప్లైంట్ (పేషెంట్ చెప్పే ముఖ్య బాధ), అది మొదలైన తీరు, పాత జబ్బులు, ఇంట్లో ఎవరికైనా ఉందా, అలవాట్లు, ఈ క్రమం చేతికి రాకపోతే అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ప్రాణాలు పోతాయి. నా బాధ వేరే. మొదటి రోజు వాళ్లకి ఉన్నది, ఎవరూ నేర్పకుండానే వచ్చింది, మనం నేర్పుతున్న కొద్దీ ఎటో పోతోంది. ఇది నా ఒక్కదాని అనుమానం కూడా కాదు. అమెరికాలో జెఫర్సన్ మెడికల్ కాలేజీలో మొహమ్మద్‌రెజా హోజాత్ బృందం విద్యార్థుల్ని ఏడాది తర్వాత ఏడాది పరీక్షిస్తూ వచ్చి 2009లో ఒక పేపర్ వేసింది. అందులో ఎంపతీ (ఎదుటి మనిషి బాధని అర్థం చేసుకోవడం) స్కోర్లు పడిపోయింది మూడో సంవత్సరంలో, అంటే అక్కడి పిల్లలు పుస్తకాలు వదిలి పూర్తిగా పేషెంట్ల మధ్యకి వచ్చే ఏడాదిలో. పేషెంట్‌కి దగ్గరయ్యే కొద్దీ పెరగాల్సింది అక్కడే తగ్గుతోందంటే ఆలోచించాలా వద్దా?

ఎందుకు తగ్గుతుందంటే అందరూ పని ఒత్తిడి, నిద్ర లేకపోవడం, సీనియర్లు అరవడం అంటారు. అవన్నీ నిజమే. నేను ఇంకొకటి కూడా చేరుస్తాను, మన ఎంసీక్యూలు, అంటే ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది ఎంచుకునే ప్రశ్నలు. పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో 200 ప్రశ్నలు ఉంటాయి, వాటికోసం పిల్లలు ప్రాక్టీస్ చేసేవి వేలల్లో. అందులో చాలా ప్రశ్నలు నాలుగు లైన్ల కథలే. "55 ఏళ్ల పురుషుడు, రెండు గంటలుగా ఛాతీ నొప్పి, ఎడమ చేతికి పాకుతోంది, చెమటలు." ఆ కథలో ప్రతి మాటా ఒక క్లూ, ఒక్క మాట కూడా వృథా కాదు. అలా రాయకపోతే ప్రశ్న తప్పు. అలాంటి కథల మధ్యే రోజులు గడిపిన మెదడు, తర్వాత వార్డులో "పోయిన దసరాకి మా చిన్నమ్మాయి ఊరెళ్లామమ్మా, బస్సు దిగాక కొంచెం దూరం నడవాలి..." అని మొదలుపెట్టిన మనిషి దగ్గర ఓపిక పట్టలేదు. అసలు విషయం ఎక్కడుందో వెతుక్కుంటుంది. దొరకకపోతే "అదంతా సరే, నొప్పి ఎప్పట్నుంచి?" అని ఆపేస్తుంది. బస్సు దిగి నడిచిన ఆ కాస్త దూరంలోనే ఆయాసం మొదలైందని ఆవిడ చెప్పబోతోందేమో, మనకి తెలియదు, ఎందుకంటే వినలేదు. పరీక్ష పేపర్లో కథ ముందే వడగట్టి ఇస్తారు. మనుషులు వడగట్టి చెప్పరు, వడగట్టాల్సింది మనం, అదీ మొత్తం విన్నాక.

ఈ ఆపేయడం మీద కూడా లెక్కలు ఉన్నాయి. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 74 కన్సల్టేషన్లు రికార్డు చేసి వింటే, పేషెంట్ మాట మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డు వచ్చాడు. చెప్పదలచుకున్నది మొత్తం చెప్పుకోగలిగినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మరి అడ్డం పడకపోతే జనం ఎంతసేపు మాట్లాడతారు? స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లోని ఒక హాస్పిటల్ అవుట్‌పేషెంట్ క్లినిక్‌లో అదే చూశారు, 335 మంది పేషెంట్లతో. సగటున 92 సెకన్లు. దాదాపు 78 శాతం మంది రెండు నిమిషాల్లోపే తమంతట తామే ఆపేశారు. 2002లో వచ్చింది ఆ పేపర్. నేను చదివిన రోజు నుంచి క్లాసులో చెప్పని బ్యాచ్ లేదు.

వెంటనే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: "మేడమ్, మన ఓపీలో అది కుదురుతుందా?" న్యాయమైన ప్రశ్న. 2017లో 67 దేశాల సమాచారం కలిపి చూసిన ఒక అధ్యయనంలో ప్రైమరీ కేర్ డాక్టర్ ఒక పేషెంట్‌కి ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో 92 సెకన్లు వినడానికే పోతే చూడటానికి, రాయడానికి మిగిలేది ఏముంది? లైన్ తలుపు దాటి వరండాలోకి వెళ్లిపోయిన ఓపీలో కూర్చున్న డాక్టర్‌కి "వినండి" అని ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. అది వాళ్లని అవమానించడం. ఆ ఓపీలో డాక్టర్ల సంఖ్య పెంచడమే దానికి మందు.

కానీ ఒక పెద్దాసుపత్రిలో తీరిక ఉన్నవాళ్లు ఒకే ఒక్క వర్గం. ఎంబీబీఎస్ స్టూడెంట్లు. పీజీ డాక్టర్‌కి లేదు, హౌస్ సర్జన్‌కి లేదు, నర్సమ్మకి అసలే లేదు. స్టూడెంట్‌కి గంట కూర్చునే వీలుంది, కుర్చీ లేకపోతే బెడ్ పక్కన నిలబడే వయసుంది. వినడం నేర్పగలిగితే ఆ రెండు మూడేళ్లలోనే నేర్పాలి. అప్పుడు పట్టుబడితే రేపు రెండు నిమిషాల ఓపీలో కూడా దేన్ని ఆపాలి, దేన్ని ఆపకూడదు అన్నది తెలుస్తుంది.

ఇక్కడే నాకు రీటా షారన్ పద్ధతి పనికొచ్చింది. ఆవిడ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో జనరల్ మెడిసిన్ డాక్టర్. ప్రాక్టీస్ చేస్తూనే అదే యూనివర్సిటీలో ఇంగ్లీష్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేశారు, 1999లో పూర్తయింది. పేషెంట్లు రోజంతా తన దగ్గరికి తెచ్చేవి కథలు, వాటిని ఎలా చదవాలో మాత్రం మెడికల్ కాలేజీ తనకి నేర్పలేదు, నేర్పగలిగేవాళ్లు సాహిత్యం డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారు అన్నది ఆవిడ తర్కం. దానికి నేరటివ్ మెడిసిన్ అని పేరు పెట్టారు. 2001లో జామా అనే వైద్య పత్రికలో ఆవిడ రాసిన వ్యాసంతో ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. 2009లో కొలంబియాలో దానికి మాస్టర్స్ డిగ్రీ కూడా మొదలైంది.

ఆవిడ కొత్త పేషెంట్‌ని అడిగే మొదటి ప్రశ్న గురించి చాలాచోట్ల చెప్పారు. నేను మీ డాక్టర్ని కాబోతున్నాను, మీ శరీరం గురించి, మీ ఆరోగ్యం గురించి, మీ జీవితం గురించి నాకు చాలా తెలియాలి, నాకు ఏం తెలియాలని మీరనుకుంటున్నారో చెప్పండి, ఇంతే. అడిగేసి ఏమీ రాసుకోకుండా కూర్చుంటారు. ఒక పేషెంట్ తన తండ్రి చావు గురించి, తమ్ముడి చావు గురించి, కొడుకుతో పడుతున్న కష్టం గురించి చెప్పి చెప్పి ఏడ్చేశాడట. ఎందుకు అంటే, ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఇలా చెప్పుకోనివ్వలేదు అన్నాడట.

విద్యార్థుల కోసం ఆవిడ 1990లలో మొదలుపెట్టిన పని ఇంకా సులువుది. దాన్ని పారలల్ చార్ట్ అంటారు. కేస్ షీట్‌లో రాయాల్సింది కేస్ షీట్‌లో రాయండి. దాని పక్కన ఇంకో నోట్‌బుక్ పెట్టుకుని, కేస్ షీట్‌లో రాయడానికి వీల్లేనివి మామూలు భాషలో అందులో రాయండి. ఆవిడ ఇచ్చే ఉదాహరణ ఇది: ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోతున్న పేషెంట్ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అదే జబ్బుతో పోయిన మీ తాతయ్య గుర్తొచ్చి కళ్లనీళ్లు వస్తుంటే, అది హాస్పిటల్ చార్ట్‌లో రాయకూడదు, రాయనివ్వం కూడా. కానీ ఎక్కడో ఒకచోట రాసి తీరాలి. వారానికోసారి గుంపుగా కూర్చుని రాసింది పైకి చదువుతారు. మిగతావాళ్లు విని, రాసిన మనిషి గురించి కాకుండా రాత గురించి మాట్లాడతారు: ఈ కథ ఎవరు చెబుతున్నారు, కాలం ఎటు నడుస్తోంది, ఏది రెండుసార్లు వచ్చింది, ఎవరి గొంతు అసలు లేదు.

ఈ చివరి భాగాన్ని మనవాళ్లు వదిలేసి మొదటిది మాత్రం పట్టుకుంటారు. పిల్లలతో ఏదో రాయించేసి, చప్పట్లు కొట్టించి, ఫొటో తీసుకోవడం. అది డైరీ అవుతుంది గానీ చదువు అవ్వదు. రాసినదాన్ని శ్రద్ధగా చదివే ఇంకో నలుగురు ఉండాలి. బుర్రకథలో వంత లేకపోతే కథకుడు ఎంత గొప్పవాడైనా కథ నడవదు, ఎవరో ఒకరు ఊ కొట్టాలి, "అప్పుడేమైంది?" అని అడగాలి.

మా కాలేజీలో ఒక చిన్న గ్రూపుతో ఇది చేస్తున్నాను. అందులో వచ్చిన ఒక పేజీ గురించి చెబుతాను, మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

షుగర్ బాగా పెరిగిపోయి మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతున్న ఒక పెద్దావిడ. కేస్ షీట్‌లో ప్రతిసారీ ఒకే మాట, ఇన్సులిన్ సరిగా తీసుకోవడం లేదు అని. పాపం అది రాసిన పీజీ తప్పేం లేదు, నిజంగానే తీసుకోవడం లేదు. ఎందుకు అంటే ఆవిడ ఒకసారి మర్చిపోయానంటుంది, ఒకసారి మందు పాడైపోయిందంటుంది. మా అబ్బాయి ఒకడు ఆవిడ దగ్గర కూర్చుని, విన్నది విన్నట్టు వచ్చి నోట్‌బుక్‌లో రాశాడు. రెండు లైన్లు ఇంగ్లీష్‌లో రాసి, కొట్టేసి, తెలుగులో మొదలుపెట్టాడు. పెద్దకొడుకు గల్ఫ్ వెళ్లిన ఏడాది తనకి ఈ జబ్బు బయటపడటం, ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే "మా వదిన ఇంట్లో" ఇన్సులిన్ పెట్టుకోవడం, పొద్దున్నే వెళ్లి సూది వేసుకుని అక్కడే కాఫీ తాగి రావడం, అన్నీ ఉన్నాయి. అతను పైకి చదువుతుంటే ఒక అమ్మాయి ఆపింది. "మొదటి పేజీలో మా వదిన, మా వదిన అంటోంది కదా, వెనక పేజీలో 'ఆ ఇంటావిడ' అంటోంది. ఇద్దరూ ఒకరేనా?"

రాసినవాడికి తెలియదు. ఆవిడ అన్న మాటలే రాశాడు గానీ మారినట్టు గమనించలేదు. మర్నాడు వెళ్లి అడిగాడు. ఒకరే. వదిన వరస పెట్టి పిలుచుకునే పక్కింటావిడ. మురుగు కాలవ నీళ్ల దగ్గర గొడవై ఆర్నెల్లుగా మాటలు లేవు. ఫ్రిజ్ ఆ ఇంట్లో ఉంది. మాటల్లేని ఇంటి గడప రోజూ తొక్కడానికి ఆవిడకి మనసొప్పలేదు. మందు ఎండల్లో బయట పెడితే నిజంగానే పాడైంది.

మందు డోసు పెంచితే తీరే సమస్యా ఇది? రెండు మట్టి కుండలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యలో తడి ఇసుక పోసి, లోపలి కుండలో డబ్బాలో ఇన్సులిన్ పెట్టుకోవడం ఎలాగో ఆ అబ్బాయే చూపించాడు. ఫ్రిజ్ లేని ఇళ్లకి డాక్టర్లు చెప్పే పాత ఉపాయమే అది, కొత్తదేం కాదు. ఎవరికి చెప్పాలో తెలియడమే అక్కడ కావలసింది. ఆవిడ షుగర్ ఇప్పటికీ అంత బాగుందని చెప్పను, కానీ ఓపీకి వస్తోంది. ఒక పేజీని జాగ్రత్తగా చదివినందుకు, ఒక పిలుపు ఎక్కడ మారిందో పట్టుకున్నందుకు ఇది బయటపడింది. సాహిత్యం క్లాసులో చేసే పని అదే కదా. అందుకే దీన్ని "సాఫ్ట్ స్కిల్" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

తెలుగులో రాయమని నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్లే అటు జరిగారు. పేషెంట్ తెలుగులో చెబుతుంది, మనం ఇంగ్లీష్‌లో రాస్తాం, ఆ దారిలో జారిపోయేవి చాలా ఉంటాయి. కేస్ షీట్ ఇంగ్లీష్‌లోనే ఉండాలి, రేపు ఇంకో ఊరి డాక్టర్ చదవాలి కాబట్టి. రెండో నోట్‌బుక్‌కి ఆ అవసరం లేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు రాయడం సరిగా రాని పిల్లలు కూడా తప్పులతోనే రాస్తున్నారు, రాయనివ్వండి.

కొత్తగా మొదలుపెట్టాలనుకునే టీచర్లకి ఆర్థర్ క్లీన్‌మన్ ప్రశ్నలు కూడా చెబుతాను. ఆయన సైకియాట్రిస్టూ, ఆంత్రొపాలజిస్టూ, తైవాన్‌లో చాలా పని చేశారు. 1978లో తన సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో పేషెంట్‌ని అడగాల్సిన కొన్ని ప్రశ్నలు ఇచ్చారు. ఇది ఎందుకొచ్చిందని మీరు అనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైందంటారు? ఈ జబ్బులో మీకు అన్నిటికన్నా భయం వేసేది ఏంటి? దీనివల్ల మీకు వచ్చిన పెద్ద ఇబ్బంది ఏంటి? మా వార్డులో ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు రాస్తే ఒక పుస్తకం అవుతుంది. కాలు తీసేస్తారేమోనని కాదట, కాలు తీసేస్తే మనవరాలి పెళ్లిలో పీటల దగ్గర ఎవరు కూర్చుంటారని.

మన రెగ్యులేషన్లలో దీనికి చోటు లేకపోలేదు, ఆ సంగతి చాలామంది టీచర్లే పట్టించుకోరు. 2018లో అప్పట్లో మెడికల్ చదువుని నియంత్రించిన ఎంసీఐ ఏట్‌కామ్ (వైఖరి, నైతికత, పేషెంట్‌తో మాట్లాడటం) పుస్తకం తెచ్చింది, 2019 బ్యాచ్ నుంచి అది సిలబస్‌లో భాగం. మొత్తం 27 మాడ్యూల్స్. ఫస్ట్ ఇయర్‌లోనే డాక్టర్ అవ్వడం అంటే ఏంటి, పేషెంట్ అవ్వడం అంటే ఏంటి, మన మొదటి గురువు కెడావర్ (కోసి నేర్చుకునే శవం), ఇలాంటివి ఉన్నాయి. తర్వాత ఎంసీఐ స్థానంలో ఎన్ఎంసీ వచ్చాక ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ పెట్టారు, ప్రతి విద్యార్థి ఊళ్లో కొన్ని కుటుంబాలని తీసుకుని ఏళ్ల తరబడి వెళ్తుండాలి. ఆలోచించండి, ఒకే ఇంటికి పదే పదే వెళ్లడం! కథ వినడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు కొలంబియాలో కూడా లేదు. దాన్ని మనం బీపీలు, బరువులు నింపే ఫారంగా మార్చేశాం. పెద్దకోడలు పుట్టింటికి వెళ్లిపోయిందని, తాత ఈసారి మంచం దిగలేదని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. దిల్లీలో యూసీఎంఎస్ అనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వాళ్లు 2009లోనే మెడికల్ హ్యుమానిటీస్ (వైద్యంతో పాటు సాహిత్యం, కళలు) గ్రూపు మొదలుపెట్టారు, నాటకాలూ చేయించారు, దీనికోసమే ఒక జర్నల్ కూడా తెచ్చారు. అంటే ప్రభుత్వ కాలేజీలో కుదరదనే మాటకి చోటు లేదు.

పిల్లలకి నేను చెప్పే మన మనిషి డాక్టర్ కేశవరెడ్డి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేస్తూ నవలలు రాశారు. ఊరు వెలివేసిన మనుషుల మధ్య రోజంతా ఉన్న డాక్టర్ ఆయన, నవలల్లో కూడా ఊరికి అంచున ఉన్నవాళ్లే. అందరూ ఆయనలా రాయాలని కాదు, డాక్టర్ ఉద్యోగం చేస్తూ మనుషుల్ని అలా చూడటం మన నేల మీదే జరిగిందని తెలిస్తే చాలు.

సాహిత్యం చదివితే మంచివాళ్లైపోతారని కూడా నేను నమ్మను. బాగా చదువుకున్న కఠినాత్ముల్ని అందరం చూశాం. ఇందులో జరగగల చెడు కూడా నాకు తెలుసు. పేషెంట్ బాధని మన రచనకి ముడిసరుకు చేసుకోవడం అన్నిటికన్నా పెద్ద చెడు. వార్డులో రీల్స్ తీసే ఈ రోజుల్లో అది ఎంత దూరంలో ఉందనుకుంటున్నారు? అందుకే మా గ్రూపులో నోట్‌బుక్ అంటే కాగితం నోట్‌బుక్కే. పేరు, బెడ్ నంబర్, ఊరు ఉండవు, ఫోన్‌లో ఫొటో తీయడం, వాట్సాప్‌లో పెట్టడం నిషేధం. పేషెంట్‌కి ముందే చెప్పాలి, నేను ఇది రాసుకుంటాను, మీకు ఇష్టమేనా అని. వద్దంటే వద్దు.

మార్కులు అస్సలు పెట్టకూడదు. మార్కులు పెట్టిన రోజున అందరి నోట్‌బుక్‌లలోనూ ఒకే కన్నీళ్లు వస్తాయి, టీచర్‌కి ఏం కావాలో కనిపెట్టడంలో మన పిల్లలు చాలా గట్టివాళ్లు. ఇంకొకటి, టీచర్ కూడా రాసి చదవాలి. మొదటి చావు చూసిన పిల్లవాడు, డ్యూటీలో తన చేతుల్లో పసిబిడ్డ పోయిన హౌస్ సర్జన్, ఆ బరువు ఎక్కడ దింపుకోవాలో తెలియక హాస్టల్ గదిలో ఒక్కళ్లే కూర్చుంటున్నారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి వాళ్ల ముందు కూర్చుని, నాకు కూడా ఒక పేషెంట్ ఇప్పటికీ గుర్తొస్తాడు అని చదివితే తప్ప వాళ్లు నోరు విప్పరు.

ఏట్‌కామ్ క్లాసుకి టైమ్‌టేబుల్‌లో ఎలాగూ గంటలు ఇచ్చారు. పవర్ పాయింట్ పక్కన పెట్టి ఆ గంటల్లో కొన్నిటిని దీనికి ఇవ్వండి అని మా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడిగాను, మెడిసిన్ పోస్టింగ్‌లో పది మంది గ్రూపుకి వారానికి ఒక గంట చాలని. పీడియాట్రిక్స్ నుంచి ఒకరు, ఫోరెన్సిక్ నుంచి ఒకరు కలుస్తామన్నారు. పోస్ట్‌మార్టం గది బయట కూర్చునే కుటుంబాల గురించి తన పిల్లలు రాయాలని ఫోరెన్సిక్ ఆయన కోరిక. నాకైతే ఆ మాట ఇంతకుముందు తట్టనే లేదు, వచ్చే బ్యాచ్‌కి అక్కడి నుంచే మొదలుపెడదామనుకుంటున్నాం.